అరవై నుంచి ఒకటికి

మనిషి ఎలాంటివాడో తెలియాలంటే జీతం, చదువు, వంశం అడగక్కర్లేదని, ఏ ఆట ఎలా ఆడతాడో చూస్తే చాలని పెద్దమ్మ సిద్ధాంతం. ఉద్యోగం కోసం వెళ్లినచోట మనిషి అబద్ధం ఆడతాడు. ఫొటోకు నిలబడితే పొట్ట లోపలికి పీల్చి అబద్ధం ఆడతాడు. చుట్టాలింట్లో అయితే సరేసరి. ఆటలో మాత్రం పదో పందెం తిరిగేసరికి లోపలి మనిషి చొక్కా విప్పుకుని బయటికొచ్చేస్తాడని ఆవిడ చెప్పేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాబట్టి, ఎదురు చెప్పేవాళ్లు లేరు.

ఆవిడ ఉద్యోగం కూడా ఈ సిద్ధాంతానికి తగ్గట్టే కుదిరింది. ఊళ్లోని పెద్ద బస్సు స్టేషన్లో, పోయిన సామాన్ల కౌంటరులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడే కూర్చుంటోంది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఓసారి ఎవరిదో కట్టుడుపళ్ల సెట్టు, అన్నీ అక్కడికే చేరతాయి. వచ్చినవాడు "నాదే" అన్నంతమాత్రాన ఆవిడ వస్తువు ఇవ్వదు. రంగేమిటి, గుర్తేమిటి, లోపల ఏముంది అని మూడు ప్రశ్నలు వేస్తుంది. మూడూ సరిపోతేనే అలమారా గొళ్లెం తీస్తుంది. ఒకసారి డిపో మేనేజరు తన సొంత గొడుగు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాడు. పిడి మీద గీత ఉందని పాపం ఆయనకు గుర్తురాలేదు.

ఖాళీ దొరికితే ఆవిడ తోటివాళ్ల ఫోన్లలోకి తొంగిచూసేది. రోజుకు నాలుగొందల కిలోమీటర్లు బస్సు తోలే డ్రైవరొకాయన భోజనం కాగానే బెంచీ మీద చేరి ఆడే ఆట ఏమిటంటే, ఓ చిన్న పొలం, అందులో నాలుగు వరసల క్యారెట్లు. నీళ్లు పోస్తాడు, పెరిగేదాకా చూస్తాడు, పీకుతాడు, మళ్లీ నాటుతాడు. "ఆయనకు కావలసింది క్యారెట్లు కాదు, ఒక్కచోట నిలబడటం," అని పెద్దమ్మ తేల్చింది. రిజర్వేషన్ కౌంటరులో పొద్దస్తమానం "సీట్లు లేవు" అని చెప్పే అమ్మాయి ఫోనులో మహారాణి, అడిగినవాడికల్లా ఊళ్లకు ఊళ్లు దానం చేసేస్తుంది. ఇక గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, చీమను కూడా కార్డు అడిగే మనిషి, ఆటలో పేరుమోసిన దొంగ. "మనుషులు పోగొట్టుకున్నవన్నీ నా కౌంటరుకు రావు. కొన్ని వాళ్ల ఆటల్లో దొరుకుతాయి," అనేది పెద్దమ్మ.

"మరి నీ ఆటేమిటి పెద్దమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నాకు ఆటేమిటి, నేను చూసేదాన్ని," అని మాట తప్పించేది.

ఇంట్లో ఒక ఫోను దగ్గర మాత్రం ఆవిడ సిద్ధాంతం కళ్లు మూసుకునేది. అది బఠాణీది. బఠాణీ ఆవిడ చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పుడు ఆరేళ్లది, గుండ్రంగా, చేతిలో పడితే జారిపోయేలా ఉండేది కాబట్టి పెదనాన్న ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు, పళ్ల ల్యాబులో పని. డాక్టర్లు అచ్చు తీసి పంపితే పింగాణీతో పళ్లు చేస్తుంది. పని అయ్యాక సోఫాలో కాళ్లు మడుచుకుని ఆడే ఆటలో బఠాణీ ఓ పెద్ద పిట్ట మీదెక్కి మబ్బుల మీదుగా ఎగురుతూ ఉంటుంది. యుద్ధం లేదు, సంపాదన లేదు. ఎగరడం, ఇంకా దూరం ఎగరడం, అంతే. ఊరందరి ఆటలకూ అర్థం చెప్పే పెద్దమ్మ ఆ ఆట కనిపించగానే, "రెక్కలు బాగా వేశాడు," అని వంటింట్లోకి వెళ్లిపోయేది.

నాలుగు నెలల కిందట బఠాణీకి వేరే ఊళ్లోని పెద్ద ల్యాబులో ఉద్యోగం వచ్చింది. బస్సులో పన్నెండు గంటల ప్రయాణం. దానితోపాటే ఇంకో సంగతి కూడా చెప్పింది. తానిప్పుడు పనిచేసే ల్యాబు ఉన్న బిల్డింగులో లిఫ్టులు చూసే మెకానిక్కు ఒకతను ఉన్నాడని, మంచివాడని, ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకుంటున్నారని, అతను కూడా ఆ ఊరికి బదిలీ అడిగాడని. చెప్పి ఊరుకుంటే పెద్దమ్మ బహుశా దెబ్బలాడేది. బఠాణీ ఊరుకోలేదు.

"నువ్వు సరేనంటేనే వెళ్తా. నువ్వు వద్దంటే ఆ ల్యాబుకు రానని ఫోను చేసేస్తా, ఇతనికీ అదే చెప్తా," అంది.

అన్న మాట మీద నిలబడే పిల్ల. ఆ సంగతి పెద్దమ్మకు తెలుసు, అందుకే ఆ మాట మెడకు చుట్టుకుంది. ల్యాబువాళ్లు ఈ సోమవారంలోగా జవాబు చెప్పమన్నారు. పెద్దమ్మ అంతకాలం ఏ సంగతీ తేల్చకుండా చీరలు మడతపెడుతూ గడిపి, చివరికి ఆదివారం మధ్యాహ్నం అతన్ని ఇంటికి రమ్మంది, ఆట ఆడటానికి.

ఆ ఇంటి ఆట సంగతి కొంచెం చెప్పాలి. అట్టపెట్టెలో మడతలుపడే బోర్డు, ఆరు చెక్క బొమ్మలు, ఒక పాచిక. ఇరవై ఏళ్ల కిందట బస్సులో ఎవరో మరిచిపోతే కౌంటరుకు వచ్చింది. తొంభై రోజులు చూసినా ఎవరూ అడగలేదు, రూలు ప్రకారం పెద్దమ్మ ఇంటికి తెచ్చుకుంది. బోర్డు మధ్యలో కోట, కోట చుట్టూ మెలికలు తిరిగే దారి, దారి మీద అడవి, వంతెన, కొండ, చిట్టచివర ఓ మూల పచ్చటి మైదానం. కోట ద్వారం దగ్గర గడి మీద ఒకటి అని, మైదానం మీద అరవై అని అంకెలు. ఎలా ఆడాలో చెప్పే కాగితం ఎప్పుడో పోయిందనీ, రూలన్నీ తనకు నోటికే వచ్చనీ పెద్దమ్మ చెబుతుంది. కాపలాదారు తప్ప అందరూ అరవైలో మొదలుపెట్టి, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అనుకుంటూ వెనక్కి లెక్కపెట్టుకుని కోటకు చేరాలి. ద్వారం దగ్గర కాపలాదారు మూడు ప్రశ్నలు అడుగుతాడు, జవాబు నచ్చితే లోపలికి రానిస్తాడు. అందరూ వచ్చాక తలుపు మూసి, మనుషులను లెక్కపెట్టి, ఆట అయిపోయిందంటాడు. ఆఖర్న వచ్చినవాడు ఓడినట్టు. దారి పొడవునా చిన్న బాణాలు కోట నుంచి బయటికి చూపిస్తూ ఉంటాయి కదా, అవేమిటని ఒకసారి పెదనాన్న అడిగితే, "గాలి ఎటు వీస్తోందో చూపిస్తున్నాయి," అంది పెద్దమ్మ. ఆయన ఇరవై ఏళ్లుగా నమ్ముతున్నాడు.

బొమ్మలు ఎంచుకోవడంలోనే మనిషి సగం తెలిసిపోతాడట. బఠాణీకి వచ్చిన సంబంధాలు ఈ బోర్డు మీదే తప్పిపోయాయి. మొదట వచ్చిన ఆఫీసరు రాజు బొమ్మ తీసుకుని, నాలుగో పందానికల్లా "నేను రాజును కదండీ, నాకు ప్రశ్నలేమిటి?" అన్నాడు. వీడింట్లో మంచినీళ్లు తాగాలన్నా అర్జీ పెట్టుకోవాలంది పెద్దమ్మ. రెండోసారి వచ్చిన లెక్చరరు దొంగ బొమ్మ తీసుకున్నాడు, దొంగిలించినప్పుడల్లా క్షమాపణ చెప్పాడు, ఓడిపోయాక మాత్రం పాచిక అరిగిపోయిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడని అతన్నీ పంపేసింది. అప్పుడు బఠాణీ నవ్వుకుంది, ఎందుకంటే వాళ్లెవరూ ఆమెకు పట్టలేదు. ఈసారి నవ్వలేదు. పొద్దున్నుంచీ టేబులు మీద గుడ్డ సర్దిందే సర్దుతోంది.

లిఫ్టబ్బాయి సరిగ్గా మూడింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, పొడుగ్గా, గోళ్ల పక్కన ఎంత తోమినా పోని గ్రీజు మరక. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతూనే తలుపు బందులు రెండు వేళ్లతో నొక్కి చూశాడు. అది తెలిసి చేసింది కాదు, అలవాటు. పెదనాన్న టైలరు, ఆయన మనిషి మొహంకన్నా ముందు కాలరు చూస్తాడు. కాలరు అరిగితే తిప్పి కుట్టించుకున్నాడని గమనించి, అక్కడికక్కడే అతనికి ఓటు వేసేశాడు. పెద్దమ్మ మాత్రం టీ ఇచ్చి, బోర్డు పరిచి, ఆరు బొమ్మలు వరసగా నిలబెట్టింది.

"ఏదో ఒకటి తీసుకో బాబూ. ఊరికే సరదాకి," అంది.

సరదాకి అన్న మాట విని బఠాణీ పెదనాన్నవైపు చూసింది. ఆయన టీ కప్పులోకి చూశాడు.

లిఫ్టబ్బాయి బోర్డును ఒకసారి చూశాడు. చెవి వెనక గోక్కుని మళ్లీ చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. తర్వాత చేయి చాచి కాపలాదారును తీసుకున్నాడు.

ఇరవై ఏళ్లలో ఆ బొమ్మను ముట్టుకున్నవాళ్లు లేరు. అది పెద్దమ్మది. అట్టపెట్టె తెరవగానే ఆవిడ చేయి దానిమీదే పడేది. దాని రంగు కూడా ఆవిడ వేళ్లకే అరిగిపోయింది.

"అది..." అని పెదనాన్న మొదలుపెట్టాడు.

"తీసుకోనివ్వండి," అంది పెద్దమ్మ. "ఎందుకు బాబూ అదే?"

"తలుపు దగ్గర ఉండటమే నా పని కదండీ," అన్నాడతను. "మిగతావి నాకు చేతకావు."

పెద్దమ్మకు ఈ జవాబు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పొగరా అంటే గొంతులో పొగరు లేదు. తెలివా అంటే మొహంలో ఆ లెక్క కనిపించలేదు. వేరే దారిలేక తాను రాజు బొమ్మ తీసుకుంది. పెదనాన్న ఎప్పటిలాగే బండి తీసుకున్నాడు. అడవిలో ఒక పందెం ఆగి నిద్రపోవచ్చని బండికి మాత్రమే రూలు ఉంది, ఆయన కోరితే పెద్దమ్మ పెట్టిందది. బఠాణీ పిట్టను తీసుకుంది.

ఆట మొదలైంది. పెద్దమ్మ రూలన్నీ చెప్పింది, లిఫ్టబ్బాయి అన్నింటికీ తలూపాడు. మిగతా ముగ్గురూ మైదానంలోంచి బయల్దేరి కొండ దిగి వంతెన మీదికొచ్చారు. ఓ పక్క పాచిక వేస్తూనే పెద్దమ్మ అతన్ని గమనిస్తోంది. ఎక్కడా తప్పు దొరకడంలేదు, అదే చిరాకు. మెకానిక్కులు తొందర మనుషులనుకుంది, ఇతను తన వంతు వచ్చేదాకా కదలడు. బఠాణీకి సహాయం చేస్తాడేమో, అప్పుడు పట్టుకుందామనుకుంది, చేయలేదు. పెదనాన్న అడవిలో నిద్రపోతే లేపలేదు కూడా. పెద్దమ్మకు లోపల భయం మొదలైంది. ఇతను మంచివాడే అయితే ఏం చేయాలి? మంచివాడు కాకపోతేనే తనకు మంచిదని, ఆ కోరిక తనకు మొదటినుంచీ ఉందని ఆవిడకు అప్పుడు తెలిసింది. తెలిసి సిగ్గుపడింది. సిగ్గుపడినా పాచిక గట్టిగానే వేసింది.

బఠాణీ అందరికన్నా ముందు ద్వారం చేరింది. ఇక కాపలాదారు మూడు ప్రశ్నలు అడగాలి.

లిఫ్టబ్బాయి బోర్డు మీదికి వంగి, పిట్ట బొమ్మతోనే మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించాడు. "బాగానే ఉన్నారా? ఎంతసేపైంది ఇరుక్కుని? మంచినీళ్లేమైనా కావాలా?"

బఠాణీ పకపకా నవ్వింది. "బాగానే ఉన్నా. పది నిమిషాలైంది. వద్దు."

"అయితే రండి," అని పిట్టను లోపల పెట్టాడు.

"ఇవేం ప్రశ్నలు బాబూ?" అంది పెద్దమ్మ.

"నాకు వచ్చినవి ఇవేనండి. లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్లు కంగారుపడతారు. తలుపు తీసేముందు బయటినుంచే మాట్లాడుతూ ఉండాలి. పోయిన నెలలో ఒకాయన ఇరుక్కుంటే గంటసేపు వంటల గురించి మాట్లాడుకున్నాం. బయటికొచ్చాక చూస్తే ఆయన మా కంపెనీ పెద్దసారు."

పెదనాన్న తొడమీద కొట్టుకుని నవ్వాడు. పెద్దమ్మకూ నవ్వొచ్చింది, పెదవి కొరికి ఆపుకుంది. వస్తువు నీదేనని రుజువు చేసుకోమని ఇరవై ఎనిమిదేళ్లు అడిగిన మనిషికి, మంచినీళ్లు కావాలా అని అడగొచ్చని ఏనాడూ తోచలేదు. డిపో మేనేజరు గొడుగు ఒక్క క్షణం కళ్లముందు మెదిలింది.

రెండు పందాల తర్వాత ఆవిడ రాజు కూడా ద్వారం దగ్గరికొచ్చాడు. లిఫ్టబ్బాయి రాజు బొమ్మను చూసి, ఆవిడ మొహం చూసి, ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"లోపలికి రావాలా అండీ, బయటికి వెళ్లాలా?"

"కోటలోంచి బయటికెవరు పోతారు?" అంది పెద్దమ్మ. "అదేం ప్రశ్న?"

అతను మళ్లీ చెవి వెనక గోక్కున్నాడు. చెప్పకపోతే అబద్ధం, చెబితే మర్యాద కాదు. పాపం ఆ రెండిటి మధ్యా ఇరుక్కున్నాడు, బయటినుంచి మాట్లాడేవాడు కూడా లేడు. చివరికి చెప్పేశాడు.

"ఏమనుకోకండి. మా ఇంట్లోనూ ఇదే పెట్టె ఉండేదండీ. మేం ఒకటిలో మొదలుపెట్టేవాళ్లం. అందరూ కోటలో ఉంటారు, బయల్దేరి అరవైకి చేరాలి. ఆ మైదానమే గెలుపు. బాణాలు కూడా అటే కదండీ చూపిస్తున్నాయి. మీ ఇంటి ఆట మీ ఇష్టం, తప్పని కాదు."

పెదనాన్న కళ్లజోడు సవరించుకుని బోర్డు మీదికి వంగాడు. ఒకటి, రెండు, మూడు అని వేలితో బాణాల వెంట పోయాడు. అడవి దాటాడు, వంతెన దాటాడు. తలెత్తి భార్యవైపు చూశాడు.

"మరి గాలి అన్నావే?" అన్నాడు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది పెద్దమ్మ పని. ఊళ్లో ప్రతివాడి ఆటనూ చదివిన మనిషి, తన ఆటను తలకిందులుగా పట్టుకుని ఇరవై ఏళ్లు కూర్చుంది. లిఫ్టబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. బఠాణీ బోర్డువైపే చూస్తోంది. అయితే పెద్దమ్మ మొహంలో ఆశ్చర్యం లేదని లిఫ్టబ్బాయి గమనించాడు. తలుపు వెనక మనిషి కంగారు వినడం అతని పనే కాబట్టి కాపలాదారును పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"కాగితం పోలేదు," అంది పెద్దమ్మ. "పెట్టెలోనే ఉండేది. నేనే చించి పొయ్యిలో పెట్టాను."

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఎవరిదీ చిత్తుకాగితం కూడా పారేయని మనిషి.

"నువ్వు వచ్చిన నెలలో," అని బఠాణీకి చెప్పింది. "సాయంత్రమయ్యేసరికి కిటికీ దగ్గర నిలబడేదానివి. పెదనాన్న కొట్టు మూసి రావడం పావుగంట ఆలస్యమైతే ఏడుపు. ఇవాళ ఎవరైనా వెళ్లిపోయారా అని రోజూ నన్ను అడిగేదానివి. మీ అమ్మ వెళ్లిపోయిందని కదా నీకు చెప్పాం. ఒకరోజు ఈ పెట్టె తెచ్చి కాగితం చదవడం మొదలుపెట్టా. కోట వదిలి అందరికన్నా ముందు దూరం వెళ్లినవాళ్లు గెలుస్తారని రాసుంది. నీ మొహం చూశా. ఇక చదువుతున్నట్టే చదివా గానీ, కాగితంలో ఉన్నది కాదు. అందరూ ఇంటికొస్తారు, తలుపేసుకుంటాం, లెక్కపెట్టుకుంటాం అని నోటికొచ్చింది చెప్పా. నువ్వు మళ్లీ ఆడదామన్నావు. తొమ్మిదిసార్లు ఆడాం."

ఆవిడ ఆగి చీరచెంగుతో బోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"నీ భయం ఏ పదేళ్లకో పోయింది. నాదే పోలేదు. ఈ అబ్బాయిలో తప్పు దొరికితే బాగుండునని పొద్దున్నుంచీ చూస్తున్నా. దొరకలేదు."

బఠాణీ బోర్డు మీంచి తలెత్తి, "నాకు తెలుసు పెద్దమ్మా," అంది.

"ఏం తెలుసు?"

"ఆట తిరగేశావని. ఏడో క్లాసులో ఒక ఫ్రెండు వాళ్లింట్లో చూశా. వాళ్లు ఒకటి నుంచి ఆడుతున్నారు. వాళ్ల పెట్టెలో కాగితం కూడా ఉంది, మొత్తం చదివా."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్తా? తలుపేసి అందర్నీ లెక్కపెట్టుకునేదానివి కదా. ఆ లెక్క అయ్యాక నీ మొహం హాయిగా ఉండేది. ఆదివారమంతా అలాగే ఉండేది. అందుకని నేనే ఆడదామని బోర్డు తెచ్చేదాన్ని."

పిల్లకు ధైర్యం చెబుతున్నానని ఇన్నేళ్లూ పెద్దమ్మ అనుకుంది. పిల్లేమో పన్నెండో ఏటి నుంచీ తనకు ధైర్యం చెబుతూ, గెలవడానికి కాకుండా తన మొహం కోసం, వెనక్కి లెక్కపెట్టుకుంటూ వందలసార్లు కోటలోకి వచ్చింది. ఆవిడకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ముక్కు చీదుకుంది.

"అంటే ఈ ఇంట్లో వెర్రివాణ్ణి నేనొక్కణ్ణేనన్నమాట," అన్నాడు పెదనాన్న. "గాలట, గాలి."

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. లిఫ్టబ్బాయి నవ్వాలో మానాలో తెలియక దగ్గాడు. పెదనాన్న మాత్రం వదల్లేదు. "ఇరవై ఏళ్లుగా ఆ మైదానంలోంచి బయల్దేరడమేగానీ అక్కడ ఒక్క నిమిషం ఆగనివ్వలేదు మీ పెద్దమ్మ. ఒకసారి అటువైపు ఆడి చూద్దాం. నా బండికి ఆ దారి కూడా తెలియాలి," అన్నాడు.

పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుందని బఠాణీ అనుకుంది. వెళ్లలేదు. బొమ్మలన్నీ తానే తీసి కోటలో ఒకటి మీద పెట్టింది. లిఫ్టబ్బాయి కాపలాదారును ఆవిడ చేతికిచ్చి, తాను వంటవాణ్ణి తీసుకున్నాడు. వంటవాడికి ప్రత్యేకం ఏ రూలూ లేదు. రాజూ దొంగా పెట్టెలోకి వెళ్లిపోయారు.

"ఇతను కూడా వెళ్లాలా?" అని కాపలాదారును చూపించి అడిగింది పెద్దమ్మ. కాగితం సగమే చదివింది కదా, మిగతాది ఆవిడకు తెలియదు.

"వెళ్లాలండి. కానీ ఆఖర్న. అందరూ దాటాక, తలుపు తీసే ఉంచి వెళ్లాలి. మూస్తే ఓడిపోయినట్టు."

ఆట వేగంగా సాగింది. ముందుకు లెక్కపెట్టడం ఎంత సుఖమో ఆ ఇంట్లో వాళ్లకు అప్పుడే తెలిసింది. పెదనాన్న బండి అడవిలో నిద్రపోలేదు. పూనకం వచ్చినట్టు కొండెక్కి దిగి అందరికన్నా ముందు మైదానంలో నిలబడింది. "ఇక్కడ చల్లగా ఉంది," అని అక్కడినుంచి కబురు కూడా చెప్పాడాయన. ముప్పై ఏళ్లు ఊరందరి ప్రయాణాలకూ చొక్కాలు కుట్టిన మనిషి ఒక్క ప్రయాణమైనా చేయలేదని, ఆయన ఆటలో ఆ సంగతి తనకెప్పుడూ కనిపించలేదని పెద్దమ్మకు తట్టింది. ఇంకా ఎన్ని చూడలేదో అనుకుంది. తర్వాత వంటవాడు వెళ్లాడు. పిట్ట వంతెన దగ్గర కాస్త ఆగింది.

బఠాణీ పాచిక వేయకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆటలో ఆమెకు కావలసింది నాలుగో అయిదో. అది కాదు ఆమె చూస్తోంది. కోటలో ఒక్కటే మిగిలిన బొమ్మను చూస్తోంది. రేపు సోమవారం. పెద్దమ్మ సరేననలేదు, వద్దనలేదు. లిఫ్టబ్బాయి కూడా కప్పు పట్టుకుని టీ తాగడం మరిచిపోయాడు.

"పొద్దున ఆరూ పదికి ఒకటుంది," అంది పెద్దమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఏడో ప్లాట్‌ఫారం. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, మధ్యాహ్నందాకా ఎండ పడదు. దాని డ్రైవరు మంచివాడు, భోజనానికి శుభ్రమైన చోటే ఆపుతాడు. ఎనిమిదింటిది ఎక్కకండి, దానికి బ్రేకులు కీచుమంటాయి."

బఠాణీ చేతిలో పాచిక టేబులు మీద పడింది. ఎంత పడిందో ఎవరూ చూడలేదు.

"ఎప్పుడు కనుక్కున్నావు ఇదంతా?"

"నువ్వు ఉద్యోగం సంగతి చెప్పిన మర్నాడే. ఎంక్వయిరీ కౌంటరులో అడిగా. ఎవరికమ్మా అని ఆయన అడిగితే, ఎవరో ప్రయాణికురాలికి అన్నా."

నాలుగు నెలల నుంచీ ఆవిడ ఆ వేళలు నోటికి తెలిసి కూడా పట్టుకుని కూర్చుంది. బఠాణీ కుర్చీ వెనక్కి తోసి వచ్చి, ఆరేళ్లప్పటిలాగే ఆవిడ భుజంలో మొహం దాచుకుంది. ఇప్పుడు చాలా పొడుగైంది కాబట్టి బాగా వంగాల్సి వచ్చింది.

"మరి అక్కణ్ణుంచి తిరుగు బస్సు ఎన్నింటికి?" అంది, మొహం ఎత్తకుండానే.

అదీ పెద్దమ్మకు తెలుసు. రాత్రి బస్సు, పగటి బస్సు, శనివారం వేసే అదనపు బస్సు, అన్నీ నోటి చివరనే ఉన్నాయి.

"ఇప్పుడు అదెందుకు నీకు," అంది, పిల్ల వీపు నిమురుతూ. "ముందు వెళ్లు."